నేర్పేవారికీ పాఠం కావాలి



సంఘంలో పాలు పరీక్షించే టెస్టరుకు శిక్షణ ఉండాలని అందరూ ఒప్పుకుంటారు. ఆ టెస్టరుకు నేర్పే శిక్షకుడు తాను చివరిసారి ఎప్పుడు నేర్చుకున్నాడని మాత్రం ఎవరూ అడగరు. ఈ పాఠం దానిని గురించే.

మేము సహకార డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా సంఘాలలో వెన్న శాతం గెర్బర్ పద్ధతిలోనే చూసేవారు. బ్యూటిరోమీటరులో ముందుగా 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, తరువాత 10.75 మిల్లీలీటర్ల పాలు, ఆపైన 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు పోయాలి. బిరడా బిగించి, బాగా కలిపి, సెంట్రిఫ్యూజులో తిప్పి, 65 డిగ్రీల వేడినీటిలో ఉంచి కొలత చదవాలి. ఇది మాకు కంఠతా వచ్చు. ఎన్నో తరగతులలో చెప్పాము.

తరువాత ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి. మేము కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. "పాలు పెట్టండి, మీట నొక్కండి, అంకె రాసుకోండి" అని చెప్పి వచ్చేశాము. కొంతకాలానికి ఒక సంఘంలో ఒక సభ్యురాలు, "సారూ, గేదె అదే, దాణా అదే. మిషనొచ్చాక వెన్నెందుకు తగ్గిందండీ?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. అదే నమూనాను గెర్బర్ పద్ధతిలో చూస్తే 0.3 శాతం ఎక్కువ వచ్చింది. విప్పి చూస్తే యంత్రం గొట్టంలో పాలజిడ్డు పేరుకొని ఉంది. రోజూ కడగాలని మేము టెస్టరుకు చెప్పనే లేదు. తప్పు మాదేనని పాలకవర్గం ఎదుట ఒప్పుకున్నాము.

0.3 శాతమంటే ఎంత? పూటకు 5 కిలోల పాలు పోసే సభ్యురాలికి 15 గ్రాముల వెన్న. కిలో వెన్నకు 700 రూపాయలనుకుంటే పూటకు 10 రూపాయల 50 పైసలు, నెలకు 630 రూపాయలు. శిక్షకుడు నేర్చుకోనందుకు ఆమె కట్టిన జరిమానా ఇది.

అప్పటినుంచి మేము పాటిస్తున్న నియమాలు:

1. ఏడాదికొకసారి పునశ్చరణ తరగతికి శిక్షకులుగా కాక విద్యార్థులుగా వెళ్తాము.

2. ఒకే నమూనాను ఇద్దరు శిక్షకులం విడివిడిగా పరీక్షించి, అంకెలు పోల్చుకుంటాము.

3. ఏడాదిలో రెండు రోజులు సేకరణ కేంద్రంలో టెస్టరు స్థానంలో నిలబడతాము. నురుగుతో ఉన్న పాలను యంత్రంలో పెడితే అంకె తప్పుతుందనీ, ఆవు పాలకూ గేదె పాలకూ యంత్రాన్ని వేర్వేరుగా సరిచూడాలనీ అక్కడే బోధపడింది.

4. తరగతి ముగిసిన నెలకు మళ్లీ వెళ్లి, నేర్పినది జరుగుతున్నదో లేదో కళ్లారా చూస్తాము.

5. జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నను పుస్తకంలో రాసుకొని, తెలుసుకొని వెళ్లి చెబుతాము.

సంఘ సమావేశంలో చర్చకు ప్రశ్నలు:

1. మన టెస్టరుకు చివరిసారి శిక్షణ ఎప్పుడు జరిగింది? శిక్షకుడు మళ్లీ వచ్చి చూశాడా?

2. మన యంత్రం అంకెను గెర్బర్ పరీక్షతో ఎన్నాళ్లకొకసారి సరిచూస్తున్నారు?

3. యంత్రాన్ని రోజూ కడుగుతున్నారా? ఎవరు చూస్తున్నారు?

ఈ ప్రశ్నలు అడగడం తగవు కాదు, సభ్యుల హక్కు. మమ్మల్ని కూడా అడగండి.