ఇంద్రకీలము: హిమవంతమునుండి కృష్ణాతీరమునకు

విజయవాడలో కనకదుర్గాంబ వెలసిన కొండ ఇంద్రకీలాద్రి. అర్జునుడు పాశుపతమునకై తపమొనర్చినది ఈ గిరిపైననే యని స్థలపురాణము. ఆ విజయుని పేరనే నగరమునకు విజయవాటిక యను నామము కలిగినదని పెద్దలందురు. అయితే భారతము చదివినవారికి ఒక సందేహము కలుగక మానదు. వనపర్వమున అర్జునుడు ఉత్తరముగా పయనించి, హిమవంతమును, గంధమాదనమును దాటి ఇంద్రకీలమును చేరెను. ఆ కొండ మంచుమలల నడుమ నున్నది; ఈ కొండ కృష్ణయొడ్డున నున్నది.

ఈ సందేహమునకు పురాణములకన్న శిలలే మంచి సమాధానము చెప్పుచున్నవి. క్రీ.శ. 634 నాటి ఐహొళె శాసనమున రవికీర్తి తన్ను కాళిదాస భారవులతో పోల్చుకొనెను. కిరాతార్జునకథను 18 సర్గల కావ్యముగ రచించినవాడే ఆ భారవి. పులకేశి దండయాత్రను వర్ణించుచు అదే శాసనము కునాళ సరస్సును పేర్కొన్నది. అది మన కొల్లేరేయని పండితులు గుర్తించిరి. భారవి పేరును కొల్లేటి పేరును ఒకే రాతిపై నిలుచుట చిత్రముగదా!

అంతకన్న విలువైనది బెజవాడలోనే కలదు. సుమారు 9వ శతాబ్దమునాటి శిలాస్తంభ మొకటి, కిరాతార్జున ఘట్టములు చెక్కబడినది, ఇంద్రకీలముపై దొరకినది. దానిని నిలిపినవాడు త్రికోటిబోయి. ఇంద్రుని యానతిచే అర్జునునకు ఇంద్రకీలమునకు దారిచూపిన గుహ్యకుడే తానని, ఈ యుగమున ఇట్లు పుట్టితినని అతడు చెప్పుకొనెను. శివుడు బోయవేషమున వచ్చిన కథను బోయ యను పేరుగలవాడే రాతికెక్కించుట గమనింపదగినది. హిమాలయమును మోసికొని రానక్కరలేదు. తన పూర్వజన్మమునే సాక్ష్యముగ నిలిపి ఆ కొండను ఇచ్చటనే చూపినాడు. తరువాత నన్నయ అరణ్యపర్వమునను, శ్రీనాథుడు హరవిలాసమునను ఈ కథను తెలుగుచేసిరి.

ఇక రాతిమాట. హిమాలయములు పుట్టి సుమారు 5 కోట్ల సంవత్సరములు. అవి నేటికిని పెరుగుచున్నవి. తూర్పుకనుమల శిల వందకోట్ల యేండ్లకు పైబడినది. ఇచ్చటి ఖొండలైటు రాయిలోని ఖనిజములు ఎండకు వానకు నాని క్రమముగ మట్టియగును. గంగకు మంచునీరును కలదు. మహాబలేశ్వరమున పుట్టిన కృష్ణకు వానయే ఆధారము. ఆ వానయే కొండను లోలోపల కరగించును. అచ్చట పడుచు కొండ కదలి జారును, ఇచ్చట ముదుసలి కొండ పుచ్చి జారును. 2013 జూనులో కేదారమున జలప్రళయము జరిగినపుడు తెలుగు యాత్రికులును పెక్కురు చిక్కుకొనిరి. అది దూరపు విపత్తని తలచుటకు వీలులేదు. 2020 అక్టోబరు 21న, శరన్నవరాత్రులలో మూలా నక్షత్రమునాడే, ఇంద్రకీలాద్రి చరియ విఱిగిపడెను. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురపు కొండ ఇండ్లపై విఱుచుకొనిపడి ప్రాణములు గొన్నది. మఱి రెండు దినములకు ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులను మించి ప్రవహించెను.

కొండకొమ్మున మెట్లుచెక్కి, దారివేసి, మండపములు కట్టినకొలది పాతరాతికి పట్టు సడలును. ఆ యేటి పెనువానలలో ఘాటురోడ్డును మూసి, భక్తులను మహామండపపు దారిన అమ్మవారి సన్నిధికి పంపిరి.