ఫారంలో దాగిన గడి ఎక్కడికి పోతుంది?

ఖరగ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాల్లో చాలావాటికి రైల్వేతో తరాల అనుబంధం ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి అక్కడే స్థిరపడినవాళ్లు వీళ్లు. ఆ ఇళ్లలో 'ఇంటర్‌లాకింగ్' అన్న మాట పిల్లలకు కూడా కొత్త కాదు. ఒక బండికి దారి ఇచ్చాక, దానికి అడ్డుతగిలే మరో దారి ఇవ్వడానికి యంత్రమే ఒప్పుకోదు. ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ 1856లో ఈ దిశగా ఒక పేటెంటు పొందాడు. పాత ఏర్పాట్లలో ఇనప మీటలు ఒకదాన్నొకటి కదలనివ్వకుండా పట్టి ఉంచేవి. తర్వాత ఆ పని రిలేలకు, ఆపైన కంప్యూటర్లకు వచ్చింది.

వెబ్ ఫారంలోని గుండ్రటి రేడియో బటన్‌ది కూడా అదే వరస. పాత కారు రేడియోలో ఒక స్టేషన్ బటన్ నొక్కితే, అంతకుముందు నొక్కింది టక్కున బయటికి వచ్చేది. ఆ పేరు అక్కడిదే. హెచ్‌టీఎంఎల్‌లో మీటలూ స్ప్రింగులూ అక్కర్లేదు. ఒక గుంపులోని బటన్లన్నిటికీ 'నేమ్' ఒకటే ఇస్తే, వాటిలో ఒక్కటే ఎంపికై ఉండేలా బ్రౌజరే చూసుకుంటుంది. నేమ్ వేరువేరుగా రాస్తే మాత్రం రెండూ ఎంపికైపోతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది ఇక్కడే తడబడతారు.

ఇంతవరకు సులువే. చిక్కంతా ఆ తర్వాత ఉంది.

ఆ ఊళ్లోనే ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మా పెదనాన్న ఒకసారి ఆన్‌లైన్‌లో ఒక దరఖాస్తు నింపుతున్నారు. 'ఉద్యోగి', 'పింఛనుదారు' అని రెండు బటన్లు. పొరపాటున మొదటిది నొక్కారు. విభాగం, హోదా అడుగుతూ కొన్ని గడులు తెరుచుకున్నాయి. సర్దుకుని రెండోది నొక్కారు. ఆ గడులు మాయమై, పింఛను వివరాల గడులు వచ్చాయి. అన్నీ శ్రద్ధగా నింపి 'సమర్పించు' నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. నెట్ నెమ్మదిగా ఉందనుకుని అరగంట నొక్కుతూనే ఉన్నారు. "ఒరేయ్, ఇది నా మీద పగబట్టిందిరా" అని నాకు ఫోన్ చేశారు.

తప్పు ఆయనది కాదు. ఆ పేజీలోని జావాస్క్రిప్ట్, బటన్ మారినప్పుడు వచ్చే 'చేంజ్' సంకేతం అందుకుని, అక్కర్లేని భాగానికి 'డిస్‌ప్లే: నన్' అని పెట్టింది. దాంతో ఆ భాగం తెర మీద కనబడదు. కానీ ఫారంలోనే ఉంటుంది. 'హోదా' గడి మీద 'రిక్వైర్డ్' గుర్తు అలాగే ఉంది. గడి ఖాళీ కాబట్టి బ్రౌజర్ ఫారాన్ని ఆపేసింది. ఎక్కడ ఖాళీ ఉందో చూపిద్దామంటే ఆ గడి కనబడదు, కర్సర్‌ను అక్కడికి తీసుకెళ్లలేదు. ఫిర్యాదు డెవలపర్లు చూసే కన్సోల్‌లో మాత్రమే పడింది. పెదనాన్న అక్కడ ఎందుకు చూస్తారు?

దీనికి ఎదురు తప్పు ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది బయటపడదు. దాగిన గడిలో ముందే ఏదైనా రాసి ఉంటే, అదీ సర్వర్‌కు వెళ్తుంది. అప్పుడు ఒకే మనిషి పింఛనుదారుగానూ, ఉద్యోగి హోదాతోనూ నమోదవుతాడు.

విరుగుడు చిన్నదే. ఒక్కో భాగాన్ని ఒక్కో 'ఫీల్డ్‌సెట్'లో పెట్టాలి. దాచేటప్పుడు దానికి 'డిసేబుల్డ్' కూడా తగిలించాలి, చూపేటప్పుడు తీసేయాలి. డిసేబుల్ అయిన గడులను బ్రౌజర్ తనిఖీ చేయదు, సర్వర్‌కూ పంపదు. రాసిన అక్షరాలు మాత్రం చెరిగిపోవు కాబట్టి, మనిషి మనసు మార్చుకుని వెనక్కి వస్తే మళ్లీ టైపు చేయక్కర్లేదు. నాకు బాగా నచ్చిన సంగతి ఇది.

ఇంకొకటి. ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లు పేజీని రీలోడ్ చేసినా పాత ఎంపికను గుర్తుంచుకుంటాయి. అప్పుడు బటన్‌ను ఎవరూ నొక్కలేదు కాబట్టి 'చేంజ్' సంకేతం రాదు. 'పింఛనుదారు' ఎంపికై ఉంటుంది, కింద ఉద్యోగి గడులు తెరిచి ఉంటాయి. అందుకే చూపే-దాచే ఫంక్షన్‌ను పేజీ తెరుచుకోగానే కూడా ఒకసారి నడపాలి. ఇంత చేసినా స్క్రిప్ట్ నడిచేది వాడేవారి కంప్యూటర్‌లో. దాన్ని ఆపేయొచ్చు, మార్చేయొచ్చు. కాబట్టి ఏ ఎంపికకు ఏ గడులు రావాలో సర్వర్ మళ్లీ చూసుకోవాలి.

యార్డులోనూ ఇదే పద్ధతి. క్యాబిన్‌లో మీట తిప్పినంత మాత్రాన సిగ్నల్ రాదు. పట్టాల దగ్గర పాయింటు నిజంగా అటు తిరిగి బిగిసిందని కబురు అందాకే వస్తుంది.