నేరమున నష్టపడినవారికి తోడ్పాటు

దొంగ చిక్కెనన్న మాట వినగానే న్యాయము జరిగెనని మనము సంతోషింతుము. కాని దెబ్బ తిన్నవానిని గూర్చి విచారించువా రెందఱు? వారికి మన జిల్లాలో దొరకు సహాయమును సంక్షేపముగ దెలుపుచున్నాము.

మొదటిది ఫిర్యాదు. కొట్లాట, దొంగతనము వంటి నేరము ఏ యూర జరిగినను, ఏ పోలీసు ఠాణాలోనైనను ఫిర్యాదు చేయవచ్చును. మా హద్దు కాదని త్రిప్పి పంపరాదు. 2024 జులై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత దీనిని విధించినది. నమోదైన ఫిర్యాదు ప్రతిని బాధితునకు ఉచితముగ నీయవలెను.

రెండవది చికిత్స. యాసిడ్ దాడి, అత్యాచారము వంటి ఘోరములకు గురియైనవారికి ప్రభుత్వ, పురపాలక, ప్రైవేటు ఆసుపత్రు లన్నియు వెంటనే ఉచితముగ వైద్యము చేయవలెను.

మూడవది పరిహారము. హాని పొంది పునరావాసము కావలసినవారు, నేరస్థు డెవడో తెలియకున్నను, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ సంస్థ రెండు నెలలలో విచారణ ముగింపవలెను.

నేరమునకు ముందే చేయదగిన పనియు గలదు. చీకటి సందు దుర్మార్గునకు చుట్టము. వీధిదీపములు వెలిగించుట పంచాయతీ, పురపాలక సంఘముల బాధ్యత. ఆరిన దీపమును గూర్చి వారికి దెలుపుట మన బాధ్యత.

విద్యార్థులారా! ఆపదలో 112, బాలల కొఱకు 1098 సంఖ్యలను గుర్తుంచుకొనుడు. బాధితుని “ఆ దారిని ఏల పోతివి?” అని నిందింపకుడు. చట్టము తలుపు తెఱచియే యున్నది. భయపడినవాడు ఒంటరిగ గడప దాటలేడు. వానితో ఠాణా వఱకు నడచు పెద్దవారిని పిలువుడు, మీరును వెంట నుండుడు.