స్వదయ – ఇంటనే చేసికొనదగిన కరుణాభ్యాసము

జీవదయ యనగానే మన యిండ్లలో చిన్నపిల్లలకు సైతము తెలిసిన కార్యములు కొన్ని గలవు. నీటిని వడగట్టి త్రాగుట, ప్రొద్దు క్రుంకిన పిమ్మట భుజింపకుండుట, పక్షులకు గింజలు వేయుట, పింజరాపోలుకు చందా పంపుట – ఇవి యన్నియు దయాకార్యములే. కాని యీ పట్టికలో నొక జీవుడు లోపించుచున్నాడు. దుకాణము కట్టివేసి యింటికి వచ్చి, దీపము తీసిన పిమ్మట, ఆ దినము జరిగిన పొరపాటును తలచుకొని తన్ను తాను తిట్టుకొనుచు పండుకొను జీవుడే వాడు. సర్వజీవులను క్షమించుచున్నామని ఏటేట పలుకు మనము ఆ సర్వములో మనలను చేర్చితిమా లేదా యనునది యిచట విచారింపదలచిన విషయము.

శాస్త్రమున దీనికి చోటు లేకపోలేదు. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున నాలుగు భావనలు చెప్పబడినవి. సర్వప్రాణులయందు మైత్రి, గుణాధికులయందు ప్రమోదము, క్లేశపడువారియందు కారుణ్యము, చెప్పినను విననివారియందు మాధ్యస్థ్యము. క్లేశపడువారు అను మాటలో ‘తాను తప్ప’ అను మినహాయింపు ఎచ్చటను లేదు. అమృతచంద్రాచార్యులు పురుషార్థసిద్ధ్యుపాయములో మరియొక అడుగు ముందుకు వేసిరి. కషాయమునకు వశుడైనవాడు ఇతరునికి హాని చేసినను చేయకపోయినను, ముందుగా తన యాత్మకే హాని చేసికొనుచున్నాడని వారి యభిప్రాయము. బొంబాయిలో రత్నముల వర్తకము చేసిన గృహస్థుడు, గాంధీమహాత్ముడు గురుతుల్యముగా గౌరవించిన శ్రీమద్ రాజచంద్రులు (1867–1901) పదునారేండ్ల ప్రాయమున రచించిన మోక్షమాలలో దయను ఎనిమిది విధములుగా విభజించిరి. అందు స్వదయ యొకటి. తన యాత్మ అనాదిగా మిథ్యాత్వమున చిక్కియున్నదని గుర్తెరిగి, దానిని ధర్మమార్గమున ప్రవేశపెట్టుటయే స్వదయ యని దాని తాత్పర్యము. తన్ను తాను ముద్దుచేసికొనుట కాదని దీనివలన స్పష్టము.

ఇప్పుడు ఈ విషయమును ఎత్తుకొనుటకు ఒక కారణము గలదు. గత యిరువది యేండ్లుగా పాశ్చాత్య దేశముల మనశ్శాస్త్రజ్ఞులు కరుణను ఒక అభ్యాసముగా, పాఠములుగా విభజించి నేర్పుచున్నారు. ఆ పాఠములిప్పుడు చేతిఫోనులోనికే వచ్చినవి. గురువు ఎదుట లేకుండ, ఎవరి తీరికను బట్టి వారు ఇంటియందే వినుచు సాధన చేసికొనుటకు వీలుగా నవి అమర్చబడినవి. మన యువకులు కొందరు వానిని వినుచునే యున్నారు. పెద్దలు దానిని వింతగా చూచుచున్నారు. వింత కాదని నా మనవి.

ఇంగ్లండులోని డెర్బీలో పనిచేసిన పాల్ గిల్బర్టు అను మనశ్శాస్త్రజ్ఞుడు ఈ మార్గమునకు మూలపురుషులలో నొకరు. ఆయన గమనించిన విషయము చిన్నదే గాని లోతైనది. కొందరు రోగులు “తప్పు నాది కాదు, ఇతరులకును ఇట్లే జరుగును” అని బుద్ధితో చక్కగా ఒప్పుకొందురు. కాని ఆ మాటను తమలో తాము పలుకుకొను స్వరము కఠినముగా, కసరినట్లుండును. మాట మారినను స్వరము మారలేదు. కనుక మనస్సు కుదుటపడలేదు. మనుష్యుని మనస్సులో ఆపదను పసిగట్టు యంత్రమొకటి, లాభమునకై పరుగెత్తించు యంత్రమొకటి, శాంతింపజేయు యంత్రమొకటి గలవనియు, తన్ను తాను నిందించుకొనువానిలో మూడవది మూలబడి యుండుననియు ఆయన సిద్ధాంతము. 2006లో ప్రకటించిన తొలి ప్రయత్నములో కడవరకు నిలిచినవారు ఆరుగురే. వారిలో సిగ్గు, ఆత్మనింద, దిగులు తగ్గినవని తేలినది. ఆరుగురితో ఏమియు రుజువు కాదు. కాని త్రోవ తెలిసినది.

మన వాడుకలోని యుదాహరణము తీసికొందము. ఒక వర్తకుడు సరకు ధర పెరుగునని నమ్మి అప్పుచేసి నిలువ చేసెను. ధర పడిపోయినది. నష్టము చిట్టాలోనికి ఒక్కసారియే ఎక్కినది. కాని రాత్రులందు అతడు దానిని నూరుసార్లు వ్రాసికొనుచున్నాడు. “బుద్ధిలేనివాడవు, తండ్రి కట్టిన దుకాణము ముంచితివి” అని లోపల నొక గొంతు పలుకుచుండును. భార్యతో చెప్పడు, తమ్మునితో చెప్పడు. బంధువుల వివాహమునకు పోక తప్పించుకొనును. శాస్త్రకారులు దీనిని ఎరుగనివారు కారు. ఇష్టవియోగమువలన కలుగు ఎడతెగని చింతను ఆర్తధ్యానములలో నొకటిగా లెక్కించిరి. ఆ చింత పశ్చాత్తాపమువలె కనబడును గాని పశ్చాత్తాపము కాదు.

ఇచట నొక ఆక్షేపణ రాదగినదే. ఆలోచన, నింద, గర్హ అనునవి మన ప్రతిక్రమణములోనే యున్నవి గదా, ఆత్మనింద తగదనుట ఎట్లు? భేదము జాగ్రత్తగా చూడవలెను. ప్రతిక్రమణములో నిందింపబడునది దోషము. ఏ దోషమో పేరు పెట్టి చెప్పుదుము, అది మిథ్య యగుగాక యని కోరుదుము, లేచిపోదుము. దానికి ఆరంభమున్నది, అంత్యమున్నది. పైన చెప్పిన గొంతు దోషమును గాక జీవుని నిందించుచున్నది. దానికి అంత్యము లేదు. జీవుని స్వభావము జ్ఞానదర్శనములనియు, కర్మము వచ్చి అంటుకొన్న ధూళి యనియు నమ్మువారము, ధూళి అంటినదని వస్త్రమునే చింపుట యెట్లు తగును? వర్తకుల భాషలో చెప్పవలెనన్న, బాకీని బాకీగా వ్రాయుట నిజాయితీ. బాకీ యున్నదని ఆవర్జాను నిప్పులో వేయుట పిచ్చి.

రెండవ ఆక్షేపణ మన వ్యాపార కుటుంబములలో నింకను బలమైనది. తన్ను తాను గట్టిగా మందలించుకొననిచో మనిషి సోమరి యగునని పెద్దల భయము. దీనిని పరీక్షించి చూచినవారు గలరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ అను నిరువురు 2012లో ప్రకటించిన పరిశోధన యిది. విద్యార్థులకు కఠినమైన పదముల పరీక్ష పెట్టిరి. పిమ్మట కొందరితో, ఇది అనేకులకు కష్టముగనే యున్నది, మిమ్ము మీరు మరీ నిష్ఠురముగా చూచుకొనవలదని చెప్పిరి. కొందరితో, ఇంతటి విశ్వవిద్యాలయములో చేరిన మీరు తెలివిగలవారే యని పొగడిరి. మిగిలినవారితో ఏమియు చెప్పలేదు. రెండవ పరీక్షకు ఎక్కువసేపు చదివినవారు మొదటి గుంపువారే. ఓటమిని చూచుటకు భయము లేనివాడు దానిని దిద్దుకొనుటకు కూర్చుండగలడు. భయమున్నవాడు పుస్తకమునే తెరవడు. రాజచంద్రుల పట్టికలో అనుబంధదయ యని యొకటి గలదు. గురువు కటువుగా చెప్పినను, దాని వెనుక దయయే యుండును. మందలింపు కూడదని కాదు. దాని మూలమున ద్వేషమున్నదా, హితమున్నదా యనునదే ప్రశ్న.

ఇక ఫోనుపై నేర్చుకొను పాఠముల ఫలము. 2018లో హాంకాంగు పరిశోధకులు 28 దినముల పాఠములను ఫోను ద్వారా నడిపిరి. 2161 మంది చేరిరి. స్వకరుణాభ్యాసము చేసినవారికి మనోవేదన తగ్గి, స్వస్థత పెరిగినది. ఇతర పద్ధతులు అభ్యసించినవారికిని అట్లే జరిగినది. అయితే పాఠముల ముగింపున ప్రశ్నలకు సమాధానమిచ్చినవారు 508 మంది మాత్రమే! మిగిలినవారు ఎక్కడనో జారిపోయిరి. స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున ఆత్మనింద యధికముగానున్న 122 మందితో చేసిన పరిశోధనయందును (2019) ఎనిమిది వారముల తరువాత ఆత్మనింద తగ్గినట్లు కనబడినది. కనుక పాఠములో బలమున్నది. నిలకడ లేకపోవుటయే లోపము. ఎదుట గురువు లేడు, ప్రక్కన సంఘము లేదు. మూడవ దినమున మానినను అడుగువాడు లేడు.

ఈ లోపమునకు మందు మన యింట తరతరములుగా నున్నది. సామాయికము రెండు గడియలు, అనగా 48 నిమిషములు. కూర్చున్నవాడు నడుమ లేవడు, ఎందుకనగా నియమము తీసికొన్నాడు. గురువు లేకపోయినను నియమమే గురువు. ఫోను పాఠమునకు లేనిది ఇదియే. సామాయికములో కూర్చున్నప్పుడు ఫోను ముట్టరాదను నియమము పలు కుటుంబములలో గలదు, అది మంచిదే. పాఠమును ముందుగా విని, ఫోనును వేరొక గదిలో పెట్టి, పిమ్మట ఆసనము వేసికొనవలెను. సామాయికవ్రతము తీసికొనలేనివారు పదునైదు నిమిషములైన చాలును. కాని వేళ మారరాదు.

చేయవలసినది కష్టము కాదు. మొదట శ్వాసను నిదానింపవలెను. లోనికి పోవు గాలియు వెలికి వచ్చు గాలియు సమముగా, తొందరలేక సాగవలెను. శరీరము కుదుటపడక మనస్సు మెత్తబడదు. తరువాత బాధించుచున్న సంగతి నొకదానిని తీసికొనవలెను. మొదటి దినముననే పెద్ద నష్టమును ఎత్తుకొనరాదు, చిన్నదానితో ప్రారంభింపవలెను. అదే పొరపాటు అన్న కుమారుడు చేసి, తల వంచుకొని ఎదుట నిలిచినచో అతనితో ఏ మాట, ఏ స్వరముతో పలుకుదుమో తలచుకొని, ఆ స్వరముతోనే తనతో తాను పలుకవలెను. గిల్బర్టు కనుగొన్న గుట్టు ఇచ్చటనే యున్నది. మాటలకంటె స్వరము ముఖ్యము.

వారమున కొకమారు ఉత్తరము వ్రాయుట మరియొక సాధన. తనకు తానే, హితుడైన యొక పెద్ద వ్రాసినట్లు వ్రాసికొనవలెను. జరిగినదానిని దాచక చెప్పవలెను. ఇట్టిది వర్తకమున ననేకులకు జరిగినదని చెప్పవలెను. తుదకు రేపు ఏమి చేయవలెనో ఒక్క పని వ్రాయవలెను: ఎవరికి మొదట చెల్లించుట, ఎవరితో మనసు విప్పి చెప్పుట. ఆ యొక్క వాక్యము లేని యుత్తరము ఓదార్పే గాని కరుణ కాదు.

తనకు అలవడిన పిమ్మట కరుణను విస్తరింపజేయవలెను. మొదట ఇంటివారు, తరువాత పేరు తెలియని ఖాతాదారు, కడపట బాకీ ఎగవేసినవాడు. ఈ చివరివానిపై మైత్రి వెంటనే పుట్టదు; బలవంతముగా పుట్టింపబూనిన కోపమే పెరుగును. సూత్రకారుడు నాల్గవదిగా మాధ్యస్థ్యమును చెప్పుటలోని లోకానుభవము ఇచట తెలియును. ద్వేషము లేకుండ నోటీసు పంపవచ్చును. దానికి ధర్మబాధ లేదు.

కొందరికి ఈ అభ్యాసము మొదట శాంతికి మారుగా గుబులు కలిగించును, కన్నీరు తెప్పించును. తమయెడ దయ చూపుటకే భయపడువారు గలరని గిల్బర్టు 2011లో ప్రత్యేకముగా వ్రాసెను. చిన్ననాట ఓదార్పు నెరుగనివారికి ఓదార్పు క్రొత్త. క్రొత్త కనుక భయము. అట్టివారు నిమిషము, రెండు నిమిషములతో మొదలు పెట్టవలెను. నిద్రాహారములు వారముల తరబడి తప్పినను, బ్రతుకు వలదను తలంపు వచ్చినను, ఇది ఫోను పాఠముతో తీరునది కాదు. వైద్యుని యొద్దకు పోవలెను. ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్లు ఉచితముగా మాట్లాడవచ్చును. తెలుగులోను మాట్లాడవచ్చును. జ్వరమునకు వైద్యుని పిలుచుటకు సిగ్గుపడనివారము దీనికి సిగ్గుపడుట యేల? సంబంధములు కుదరవను భయముతో బిడ్డల బాధను దాచు తల్లిదండ్రులు మనలో లేరనజాలము. దాచినందున వ్యాధి ముదురుటయే గాని మేలు లేదు.

భాషనుగూర్చి ఒక మాట. పాఠములు ఎక్కువగా ఇంగ్లీషులో నుండును. మన పిల్లలు బెంగుళూరు, మద్రాసు, బరంపురము, షోలాపురములలో వేరొక భాషలో చదువుకొనుచున్నారు. అయినను రాత్రివేళ తమ్ము తాము తిట్టుకొను మాటలు ఇంటి మాటలుగనే వచ్చును. తాతయో, తల్లియో కోపమున అన్న మాటలే గొంతు మార్చుకొని తిరిగివచ్చును. ఇంగ్లీషులో నేర్చిన దయ తెలుగులో వచ్చు తిట్టును అందుకొనలేదు. కనుక పాఠము ఏ భాషలో విన్నను, ఆ యుత్తరమును మాత్రము తెలుగు మాటలలోనే వ్రాసికొనవలెను. తెలుగక్షరములు రానివారు కన్నడ లిపిలోనో, తమిళ లిపిలోనో, ఒడియా లిపిలోనో, నాగరిలోనో వ్రాసికొనవచ్చును.