గోలలోంచి ఓ అల

2021 జనవరిలో దుబాయి పోలీసులు ఓ విశేషం ప్రకటించారు. గోడౌన్‌లో జరిగిన ఒక హత్య కేసులో అనుమానితులకు ఫోటోలు చూపించి, మెదడు తరంగాల సాయంతో హంతకుణ్ణి పట్టుకున్నామని. పద్ధతి పేరు మెమరీ ప్రింట్. "ఇక అబద్ధాలు ఆడలేం గురూ" అన్నాడు మా ఆఫీసు మిత్రుడొకడు. నాకేమో ఎమ్మెస్‌లో చదివిన సిగ్నల్ ప్రాసెసింగ్ గుర్తొచ్చింది.

దీనికి ఆధారం పీ300 అనే అల. మామూలు బొమ్మల వరసలో మనకు సంబంధించినది అరుదుగా కనబడితే, సుమారు 300 మిల్లీసెకన్లకు నడినెత్తి వెనకగా ఓ పాజిటివ్ అల లేస్తుంది. శామ్యూల్ సట్టన్ బృందం 1965లోనే దీన్ని వెల్లడించింది.

చిక్కల్లా దాని సైజుతోనే. అల 5 మైక్రోవోల్టులు, చుట్టూ మెదడు గోల 20 అనుకుందాం. ఒక్కసారి చూస్తే ఏమీ కనబడదు. అదే బొమ్మను చాలాసార్లు చూపించి, చూపించిన క్షణం దగ్గర కలిపి సగటు తీస్తే అల నిలుస్తుంది, గోల కరుగుతుంది. 100 సార్లకు గోల తగ్గేది పది రెట్లే. వర్గమూలం లెక్క మరి!

ఓ శుక్రవారం కూర్చుని ఇదంతా కంప్యూటర్లో అనుకరించాను. నిజం మెదడు ప్రతిసారీ సరిగ్గా ఒకే సమయానికి స్పందించదు కదా, అందుకని అలల్ని కాస్త అటూ ఇటూ జరిపాను. సగటు చప్పబడిపోయింది. సరే, ప్రతి రికార్డులోనూ శిఖరం వెతికి, వాటిని ఒకదాని కింద ఒకటి సర్దాక సగటు తీశాను. అద్భుతమైన అల వచ్చింది! ఎందుకైనా మంచిదని అల తీసేసి, ఉత్త గోల ఒక్కటే ఇచ్చి చూశాను. మళ్ళీ అదే అల. గోలలో ఎత్తైన చోట్లన్నీ నేనే ఏరి పేర్చాను మరి! ఒళ్ళు జలదరించింది. అవతల ఉండేది ఓ మనిషి.

పోనీ అల నిజమే అనుకోండి. అది చెప్పేది "ఇది నాకు తెలుసు" అని, "నేను చేశాను" అని కాదు. రోజూ ఆ గోడౌన్లోనే అట్టపెట్టెలు కోసే కూలీకి ఆ కత్తి తెలియదా? అందుకే హంతకుడికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీల్లేని వివరాలే చూపించాలి. అవి పేపర్లో వచ్చేశాయంటే పరీక్ష చెడినట్టే.

మన సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో, ఒప్పుకోలు లేకుండా ఇలాంటి పరీక్షలు చేయకూడదంది. ఇష్టపడి కూర్చున్నా ఫలితం దానంతటదే సాక్ష్యం కాదు. దాని సాయంతో తర్వాత ఏదైనా దొరికితే, అది చెల్లొచ్చు.