లెక్చరర్ ఉద్యోగానికి వెళ్తున్నారా? ముందు ఒక మంచి ప్రశ్న రాయండి

ఎం.టెక్. లేదా ఎమ్మెస్సీ పూర్తిచేసి ఉప్పల్, ఘట్‌కేసర్ వైపు కాలేజీల్లో లెక్చరర్ ఉద్యోగం వెతుక్కునేవాళ్లలో చాలామంది ఇంటర్వ్యూకి ముందు రాత్రంతా పీపీటీ తయారీలోనే గడిపేస్తారు. నెట్, సెట్ అర్హతలూ డిగ్రీ మార్కులూ ఇంటర్వ్యూ గది దాకా తీసుకెళ్తాయి. ఆ తర్వాత తేల్చేది డెమో క్లాసే. అక్కడ గడగడా చెప్పుకుపోయేవాళ్లే ఎక్కువ, ఎదుటివాళ్లకు ఏం అర్థమైందో మధ్యలో ఆగి చూసుకునేవాళ్లు తక్కువ. అధ్యాపకుడి పనితనం అలా ఆగి చూసుకోవడంలోనే ఉందని నా వాదన. దానికి స్మార్ట్ బోర్డు అక్కర్లేదు, ఒక్క సెల్‌ఫోను చాలు.

ఇది అభిప్రాయం మాత్రమే కాదు. కాలేజీ స్థాయి సైన్స్, ఇంజినీరింగ్, గణితం తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2014లో అమెరికా పరిశోధకులు ఫలితాలు ప్రచురించారు. వట్టి లెక్చర్‌తో నడిచిన తరగతుల్లో సగటున 33.8 శాతం మంది ఫెయిలైతే, విద్యార్థులను ఆలోచింపజేసి మాట్లాడించిన తరగతుల్లో 21.8 శాతం మందే ఫెయిలయ్యారు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లోనే ఇందుకో పద్ధతి తయారుచేశారు: ఒక ప్రశ్న వేసి ఎవరికి వాళ్లు జవాబు ఎంచుకోమనడం, పక్కవాళ్లతో వాదించుకోనివ్వడం, మళ్లీ ఎంచుకోమనడం.

అలాంటి ప్రశ్నకు ఉదాహరణగా, చర్లపల్లి పారిశ్రామికవాడలోని ప్లాస్టిక్స్ ఇంజినీరింగ్ సంస్థ సిపెట్‌లో చెప్పే ఒక పాఠాన్నే తీసుకోండి. ఇంజెక్షన్ మోల్డింగ్‌లో తయారైన వస్తువు మందంగా ఉన్నచోట పైన చిన్న గుంట పడింది, అంటే సింక్ మార్క్. మొదట దేన్ని పెంచి చూడాలి: కరిగిన ప్లాస్టిక్ వేడినా, హోల్డింగ్ ప్రెషర్‌నా, స్క్రూ వేగాన్నా? పై పొర ముందే గట్టిపడుతుంది, లోపలి భాగం ఆలస్యంగా చల్లారుతూ కుంచించుకుపోయి పైపొరను లోపలికి లాగుతుంది. ప్లాస్టిక్ మోల్డులోకి వెళ్లే దారి (గేటు) గడ్డకట్టేలోపు ఒత్తిడితో మరికొంత పదార్థాన్ని నెడితే ఆ లోటు తీరుతుంది కాబట్టి హోల్డింగ్ ప్రెషర్ సరైన జవాబు. అయితే టీచరుకు ఎక్కువ ఉపయోగపడేది తప్పు జవాబే. వేడి పెంచాలన్న విద్యార్థి, మోల్డు పూర్తిగా నిండని షార్ట్ షాట్‌నూ దీన్నీ ఒకటే అనుకుంటున్నాడు. గంటసేపు లెక్చరిచ్చినా ఆ పొరపాటు బయటపడదు. అందుకే తప్పు ఆప్షన్లను నోటికొచ్చినట్టు కాకుండా, పిల్లలు నిజంగా పడే పొరపాట్ల నుంచి ఏరి రాయాలి.

జవాబులు సేకరించడానికి ప్లికర్స్ అనే యాప్ ఉంది. ప్రతి విద్యార్థికీ వేరే గుర్తుతో ఒక కాగితపు కార్డు ఇస్తే, దాన్ని ఏ వైపు పైకి తిప్పి పట్టుకుంటే అదే జవాబు. టీచరు ఫోన్ కెమెరాను తరగతి అంతటా ఒకసారి తిప్పితే ఎవరేం ఎంచుకున్నారో తెరపై కనిపిస్తుంది. పిల్లల చేతికి ఫోన్లు ఇవ్వాల్సిన పని లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్‌లో నోరు విప్పడానికి జంకేవాళ్లకు ఇది పెద్ద ఊరట, కార్డు ఎత్తడానికి భాష అక్కర్లేదు కదా! పక్కవాడితో వాదన తెలుగులో సాగితే ఇంకా మంచిది.

ఇలా అయితే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని సీనియర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి అంశానికీ ఈ పద్ధతి పెట్టుకుంటే నిజంగానే పూర్తికాదు. క్లాసుకు ఒక్క ప్రశ్న చాలు. నిర్వచనాల్నీ సూత్రాలను రాబట్టడాన్నీ నోట్సుకూ ఎన్‌పీటెల్ వీడియోలకూ వదిలేస్తే ఆ ప్రశ్నకు కావాల్సిన పది నిమిషాలు దొరుకుతాయి. ఇంతకన్నా చిక్కైన అభ్యంతరం విద్యార్థుల నుంచే వస్తుంది. హార్వర్డ్‌లో జరిగి 2019లో వెలువడిన మరో అధ్యయనంలో, ఇలాంటి తరగతుల్లో కూర్చున్నవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు కానీ తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. ధారాళమైన ఉపన్యాసం వింటే అంతా తెలిసినట్టే ఉంటుంది మరి. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో దీని దెబ్బ కొత్త లెక్చరర్‌కే తగులుతుంది కాబట్టి, ఎందుకిలా చెబుతున్నారో మొదటి వారంలోనే క్లాసుకు వివరించాలి.

ఉద్యోగంలో చేరాక ఏఐసీటీఈ శిక్షణ మాడ్యూళ్లు ఎలాగూ ఉంటాయి, వాటికోసం ఎదురుచూడకండి. మీ సబ్జెక్టులో యూనిట్‌కు ఒకటి చొప్పున ప్రశ్నలు రాసుకుని, తెలిసిన డిప్లొమా విద్యార్థులతో జవాబులు చెప్పించి చూడండి. అందరూ సరిగ్గా చెప్పేస్తే ఆ ప్రశ్న డెమోకు పనికిరాదు, మార్చి రాయండి.