చదువుకుంటే పింఛన్ ఆగుతుందా?

గోదావరిఖనిలో ఇంటర్ పాసై డిగ్రీలో చేరబోయే దివ్యాంగుల ఇళ్లలో ముందుగా వచ్చే ప్రశ్న ఫీజు గురించి కాదు. రోజూ కాలేజీకి పోతే ఆసరా పింఛన్ తీసేస్తారా అన్నది. చదువు మాన్పించేంత బలం ఉన్న భయం ఇది. దీనికి నిబంధనల్లో ఆధారం లేదు.

ఆసరా 2014 నవంబరులో మొదలైంది. దివ్యాంగులకు అప్పుడు నెలకు 1,500 రూపాయలు. 2019లో అది 3,016, 2023 జులైలో 4,016 అయింది. వైకల్యం 40 శాతం, వినికిడి లోపమైతే 51 శాతం ఉండాలి. కుటుంబ స్థితిగతులు చూస్తారు. వృద్ధులకు ఉన్నట్టు వయసు షరతు లేదు. రెగ్యులర్ కోర్సు చదువుతున్నవారు అనర్హులన్న మాటా లేదు. బ్రిటన్‌లో సంగతి వేరు. పూర్తికాల విద్యార్థులకు అక్కడ యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతి సాధారణంగా రాదు. దివ్యాంగ విద్యార్థికి అది రావాలంటే వైకల్య భృతి అందుతూ ఉండాలి, పైగా పనిచేసే సామర్థ్యం పరిమితమని కోర్సు మొదలుకాకముందే నిర్ధారణ అయి ఉండాలి.

మన దగ్గర అసలు చిక్కు చదువు కాదు, ఇంటి ఆదాయం.

సింగరేణి ప్రాంతంలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకే గనికి వెళ్లే ఇద్దరిలో ఒకరు పర్మనెంట్, మరొకరు కాంట్రాక్ట్ కార్మికుడు. కేంద్రం దివ్యాంగులకిచ్చే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు మించకూడదు. పర్మనెంట్ కార్మికుడి జీతం ఆ గీత దాటేస్తుంది. కాంట్రాక్ట్ కార్మికుడి బిడ్డ మాత్రం నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో తప్పక దరఖాస్తు చేయాలి. ఇది తీసుకుంటే మరో స్కాలర్‌షిప్ తీసుకోకూడదు కాబట్టి ఏది లాభమో ముందే లెక్క చూసుకోవాలి.

పర్మనెంట్ కార్మికుల పిల్లలు నిరాశపడనక్కర్లేదు. కేంద్రం నోటిఫై చేసిన పెద్ద సంస్థల్లో సీటు వస్తే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్‌కు ఆదాయ పరిమితి 8 లక్షలు. అన్నిటికంటే విలువైన హక్కులకు అసలు ఆదాయంతోనే పనిలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. గరిష్ఠ వయసులో ఐదేళ్ల సడలింపు కూడా ఉంది. సెంటినరీ కాలనీలోని మంథని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీకైనా, 2022లో 150 సీట్లతో మొదలైన రామగుండం వైద్య కళాశాలకైనా ఈ చట్టమే వర్తిస్తుంది.

వైద్య విద్య మాట వచ్చింది కాబట్టి ఒక తీర్పు చెప్పాలి. మాట్లాడటంలో 44-45 శాతం వైకల్యం ఉన్న ఓంకార్ గోండ్‌కు, 40 శాతం దాటిందన్న కారణంతో ఎంబీబీఎస్ సీటు నిరాకరించారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, శాతం ఒక్కటే చూసి అనర్హుడనకూడదని, ఆ విద్యార్థి కోర్సు చదవగలడా లేదా అన్నది వైకల్యాన్ని మదింపు చేసే బోర్డు పరిశీలించాలని స్పష్టం చేసింది. 2021లో వికాస్ కుమార్ కేసులో, చేతిరాత కష్టమైన అభ్యర్థికి 40 శాతం సర్టిఫికెట్ లేకపోయినా పరీక్షలో సహాయకుణ్ని ఇవ్వాలంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. హాల్‌టికెట్ వచ్చాక కాదు, ఫీజు కట్టేటప్పుడే దీన్ని లిఖితపూర్వకంగా అడగడం మంచిది.

పింఛన్‌కైనా సీటుకైనా వైకల్య ధ్రువపత్రం కావాలి. దరఖాస్తు గురించి మీసేవలో అడిగి, డాక్టర్ల పరీక్షకు పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లాలి. తాత్కాలిక సర్టిఫికెట్ గడువు అడ్మిషన్ల మధ్యలో ముగియకుండా చూసుకోవాలి. శాతం తక్కువ వేశారనిపిస్తే దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేయవచ్చు. దరఖాస్తు ఎక్కడైనా ఆగిపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి.

అప్పటికీ పని కాకపోతే లాయరు ఖర్చుకు భయపడి ఊరుకోవద్దు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. పెద్దపల్లి జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించండి, లేదా 15100కు ఫోన్ చేయండి.